బెల్టు కష్టాలు: మీరడిగారు, నేను చెప్తున్నా

ఈసారి కాలమ్ బెల్టుల మీద అనగానే మా డెస్క్‌లో ఒకాయన "బెల్టు షాపుల మీదా, మనకెందుకండీ ఆ గొడవ" అన్నాడు. కాదు బాబూ, నడుముకి పెట్టుకునే బెల్టు అని చెప్పాల్సొచ్చింది, మన దగ్గర ఆ మాటకి పట్టిన గతి అది. చెప్పుల గురించి రాసినప్పుడు చివర్లో "బెల్టుల సంగతి ఇంకోసారి" అని ఒక్క ముక్క పడేశా, అంతే, ఉత్తరాలు మొదలు. అన్నీ చదివాక నాకు అర్థమైంది ఏంటంటే, మనమందరం బెల్టు కొనేటప్పుడు ముందు వైపే చూస్తాం, బకిల్ మెరుస్తోందా లేదా అని, వెనక్కి తిప్పి చూసేవాళ్ళే లేరు. మీ కష్టాల్లో సగం ఆ వెనక వైపు ఉన్నాయి.

*

అక్కా, నేను జర్మనీలో ఎంఎస్ చేస్తున్నా. నా పాంట్ సైజ్ 34, చార్ట్‌లో 34 అంటే 85 అని ఉంది కదా అని ఆన్‌లైన్‌లో 85 బెల్టు ఆర్డర్ పెట్టా. వచ్చాక చూస్తే ఊపిరి బిగబడితే గానీ చివరి బెజ్జానికి అందట్లేదు. రిటర్న్ డేట్ కూడా అయిపోయింది. తప్పు నాదా, వాళ్ళదా? – ఓ విద్యార్థి, మ్యూనిక్

ఇద్దరిదీ కాదు తమ్ముడూ, నీ పాంట్‌ది. పాంట్ మీద 34 అని రాసినంత మాత్రాన దాని నడుము 34 ఉండదు, టేప్ పెట్టి కొలిస్తే చాలా కంపెనీల 34 హాయిగా 36 దాకా వస్తుంది, కొనేవాడికి నేను ఇంకా సన్నగానే ఉన్నా అనిపించాలని అలా వదులుగా కుడతారు. బెల్టుకి ఆ మొహమాటం లేదు, 85 అంటే 85 సెంటీమీటర్లే, అంటే ముప్పై మూడున్నర అంగుళాలు. అది కూడా మొత్తం పొడవు కాదు, బకిల్ పిన్ను మొదలు దగ్గర్నుంచి మధ్య బెజ్జం దాకా కొలత. మామూలుగా ఐదు బెజ్జాలుంటాయి, ఒక్కోదానికీ అంగుళం తేడా, మూడోదాంట్లో పిన్ను పడితే అది నీ సైజు అన్నట్టు. పైగా నడుముకీ బెల్టుకీ మధ్య పాంట్ గుడ్డ, లోపల టక్ చేసిన షర్ట్, అన్నీ కలిపి ఒక అంగుళం అవే తినేస్తాయి. అందుకే పాంట్ సైజుకి రెండు అంగుళాలు కలిపి బెల్టు కొనమంటారు, నీకు 90 కరెక్ట్, చలికాలంలో లోపల ఇంకో లేయర్ వేస్తావు కాబట్టి 95 అయినా పర్లేదు.

ఇప్పుడున్న దాన్ని ఏం చేయలేం. బెల్టు పెద్దదైతే కోయించొచ్చు, చిన్నదైతే లాగి పెంచలేం కదా. సన్నగా ఉన్న రూమ్మేట్ ఎవడైనా ఉంటే ఇచ్చేసి ఒక బిర్యానీ వసూలు చేసుకో. ఇంకోసారి సైజు గొడవ వద్దనుకుంటే ఆటో లాక్ బెల్టులు వస్తున్నాయి, వాటికి బెజ్జాలే ఉండవు, వెనకాల రంపం పళ్ళలాంటి పట్టీ ఉంటుంది, టిక్ టిక్‌మని పావు అంగుళం చొప్పున బిగుస్తుంది, పొడవెక్కువైతే బకిల్ ఊడదీసి కత్తెరతో కోసి మళ్ళీ పెట్టేసుకోవడమే.

*

మేడమ్, పెళ్ళికి కొన్న బెల్టు, వెనకాల జెన్యూన్ లెదర్ అని ముద్ర కూడా ఉంది. పెట్టుకున్నది మహా అయితే నాలుగైదు సార్లు. రెండేళ్ళు బీరువాలో జాగ్రత్తగా దాచి మొన్న తీస్తే పైన తోలు పొరలు పొరలుగా రాలిపోతోంది, షర్ట్ నిండా నల్ల పొట్టు. వాడకుండానే ఎలా పాడైంది? – ఓ పాఠకుడు, భీమవరం

వాడకపోయినా పాడవుతుందండీ, ఎందుకంటే రాలుతున్నది తోలు కాదు. పైన పూసిన పాలీయురేథేన్, పీయూ అంటారే, అది. గాల్లో తేమ తగిలితే ఆ ప్లాస్టిక్ లోపల్లోపలే విరిగిపోతుంది, బీరువాలో పెట్టినా, కవర్లో చుట్టినా ఒకటే. భీమవరంలో చెరువుల గాలికి రెండేళ్ళు ఆగిందంటే నిజానికి బాగానే ఆగింది.

ఆ ముద్ర గురించి నాకు చాలా మంటండీ, ఎందుకో చెప్తా. మా ఆయనకి ఒక మాల్‌లో బెల్టు కొన్నా, పేరొద్దులెండి, 1,499 రూపాయలు, అదే ముద్ర. ఎనిమిది నెలలకి రోజూ పిన్ను పడే బెజ్జం దగ్గర ఉల్లిపాయలాగా విచ్చుకుంది. బ్లేడ్‌తో కోసి చూశా, పైన కాగితమంత పల్చటి పొర, కింద ఇంకో పల్చటి పొర, మధ్యలో బూడిద రంగు అట్ట! స్కూల్ నోట్‌బుక్ అట్టకి దానికి తేడా లేదు. షాపుకి తీసుకెళ్తే ఆ అబ్బాయి "మేడమ్, జెన్యూన్ లెదరే, పైపొర" అన్నాడు, అబద్ధం కూడా కాదది.

చర్మం మందంగా ఉంటుంది కదా, దాన్ని మెషీన్ మీద అడ్డంగా పొరలుగా చీలుస్తారు. పైపొరలో పోగులు దగ్గర దగ్గరగా అల్లుకుని ఉంటాయి, బలమంతా అక్కడే, దాన్ని పైన గీకకుండా అలాగే ఉంచితే ఫుల్ గ్రెయిన్ అంటారు, మచ్చలు పోయేలా కాస్త గీకితే టాప్ గ్రెయిన్. కింది పొరలో పోగులు వదులుగా ఉంటాయి, దానిమీద రంగేసి డిజైన్ అచ్చు గుద్ది అమ్మినా అది జెన్యూన్ లెదరే. ఇంకా దిగితే బాండెడ్ లెదర్, అంటే కోతల్లో మిగిలిన ముక్కలూ పొడీ జిగురుతో కలిపి షీట్లుగా వత్తింది. తోలు ఉందా అంటే ఉంది, కోవాలో పాలున్నట్టు కాదు, క్రీమ్ బిస్కెట్లో పాలున్నట్టు.

మరి షాపులో ఎలా కనిపెట్టాలి అంటే, తిప్పండి. అంచు చూడండి, ఒకటే ముక్కయితే పక్కనుంచి పొరల గీతలు కనబడవు, మందం మూడు మిల్లీమీటర్ల పైనే ఉంటుంది. అంచంతా మందంగా రంగు పూసేసి ఉంటే బెజ్జంలోకి తొంగి చూడండి, రంగు అక్కడిదాకా సరిగా వెళ్ళదు, అసలైన తోలుకి లోపల నూగులాగా పోగులు కనిపిస్తాయి, డూప్లికేట్‌కి గుడ్డో అట్టో కనిపిస్తుంది. వెనక వైపు కూడా ముందు వైపంత నున్నగా, ఒకేలా మెరుస్తుంటే అనుమానపడండి. వంచి చూడండి, నిజం తోలు మీద సన్నటి ముడతలు అటూఇటూగా పడతాయి, ప్లాస్టిక్ మీద ఒకటే గీత. కొందరు అగ్గిపుల్లతో కాల్చి చూడమంటారు, వెంట్రుక కాలిన వాసనొస్తే తోలని, అది నిజమే గానీ షాపులో చేస్తే తంతారు.

కాన్పూర్ వైపు నుంచి బర్రె తోలు బెల్టులు, ఒకటే ముక్కవి, బాగా వస్తాయి, చూడ్డానికి మోటుగా ఉంటాయి, వాడేకొద్దీ లొంగుతాయి. కోఠీలోనో విజయవాడ బీసెంట్ రోడ్డులోనో బండి మీద కొన్న రెక్సిన్ బెల్టుని నేనేం తిట్టను, వాడు రెక్సిన్ ధరకి రెక్సిన్ అమ్ముతున్నాడు.

*

బ్రౌన్ షూకి బ్లాక్ బెల్టు పెట్టుకుంటే అంత తప్పా? – ఓ పాఠకుడు, మహబూబ్‌నగర్

ఇంటర్వ్యూకీ పెళ్ళికీ అయితే మ్యాచ్ చేయండి, మిగతా రోజుల్లో ఎవరూ చూడరు. ఒకటే కొనగలిగితే రెండు వైపులా వాడే రివర్సిబుల్ కొనొచ్చు, కాకపోతే బకిల్ తిరిగే చోట త్వరగా లూజవుతుంది. రంగు కంటే వెడల్పు ముఖ్యం, ఫార్మల్ పాంట్‌కి మూడు, మూడున్నర సెంటీమీటర్లు, జీన్స్‌కి నాలుగు. జీన్స్ బెల్టు ఫార్మల్ లూపుల్లోకి దూర్చితే లూపులు పిగులుతాయి.

*

మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. బొడ్డు కింద రూపాయి బిళ్ళంత మేర ఎర్రగా దురద, నల్లబడి తోలు మందమైపోయింది. తామర అనుకుని ఆయింట్‌మెంట్ రాశాం, తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తోంది. మా అత్తగారు బెల్టు వల్లే అంటున్నారు. బెల్టు వల్ల కూడా వస్తుందా? – ఓ తల్లి, ఒంగోలు

మీ అత్తగారికి దండం పెట్టాలి, చాలావరకు ఆవిడ చెప్పిందే అయ్యుంటుంది. సరిగ్గా బొడ్డు కింద ఒకే చోట వస్తే ముందు అనుమానించాల్సింది నికెల్. బకిల్ మెరవడానికి వేసే పూతలోనో, లోపలి లోహంలోనో నికెల్ ఉంటుంది, చెమట తగిలితే అది కొంచెం కొంచెం కరిగి చర్మంలోకి దిగుతుంది, ఒకసారి ఒంటికి పడకుండా పోయిందా, ఇక జన్మంతా పడదు. అబ్బాయిని అడగండి, వాచీ కింద కూడా దురద పెడుతోందా అని. ఆడపిల్లలకైతే రోల్డ్ గోల్డ్ కమ్మలతో చెవులు చీము పడతాయి చూడండి, చాలాసార్లు అది కూడా ఇదే. యూరప్‌లో దీనికి 1994లోనే రూలు పెట్టారు, ఒంటికి ఆనుకుని ఉండే వస్తువు నుంచి వారానికి చదరపు సెంటీమీటర్‌కి అర మైక్రోగ్రామ్ కంటే ఎక్కువ నికెల్ రాకూడదని.

బెల్టు ఒక్కటే మారిస్తే తగ్గదు, ఇక్కడే అందరూ పొరబడతారు. జీన్స్ బటన్ ఉంది కదా, దాని వెనక భాగం నేరుగా పొట్టకి తగులుతుంది, బెల్టు మార్చినా అది అక్కడే ఉంటుంది. ప్రస్తుతానికి రంగులేని నెయిల్ పాలిష్ బకిల్ వెనకా, బటన్ వెనకా రెండు మూడు కోటింగ్‌లు వేయండి, అరిగినప్పుడల్లా మళ్ళీ వేయాలి, బనియన్ పాంట్‌లోకి టక్ చేయించండి. డైమిథైల్ గ్లయాక్సిమ్ అనే మందు చుక్కతో టెస్ట్ కిట్‌లు దొరుకుతాయి, దూదితో రుద్దితే గులాబీ రంగొస్తే నికెల్ ఉన్నట్టు. బకిల్ ప్లాస్టిక్‌ది గానీ గుడ్డతో కప్పింది గానీ అయితే గొడవే లేదు. స్కిన్ డాక్టర్‌కి మాత్రం చూపించండి, ఎందుకంటే తామర ఆయింట్‌మెంట్‌లు అనుకుని మనం షాపులో తెచ్చే చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది, అది పూసి పూసి ఆపితే ఇంకో తలనొప్పి.

*

అక్కా, మా చెల్లి పెళ్ళి. అందరూ చీర మీద బెల్టు పెట్టుకుంటున్నారు, నేను కొంచెం బొద్దుగా ఉంటా, పొట్టిగా కూడా. పెట్టుకుంటే బాగోదని మా తోడికోడలు తేల్చేసింది. వడ్డాణమా, మగ్గం వర్క్ బెల్టా, అసలేదీ వద్దా? – గుంటూరు నుంచి

తోడికోడలి మాట పక్కన పెట్టు ముందు. అమరావతి శిల్పాల్లో ఆడవాళ్ళని చూశావా, నడుము కింద పేటలు పేటలుగా పూసల పట్టీలు, వాళ్ళెవరూ సైజ్ జీరో కాదు. మన రామప్ప గుడి మదనికలకీ అంతే, రాతిలో కూడా మొలనూలు వేలాడుతూ ఉంటుంది. నడుముకి ఏదో ఒకటి కట్టుకోవడం మనకి ఫ్యాషన్ షోల నుంచి రాలేదు.

నీకు పనికొచ్చేది చెప్తా. పొట్టిగా ఉన్నవాళ్ళకి వెడల్పు బెల్టు వద్దు, నాలుగు వేళ్ళ వెడల్పు వడ్డాణం పెడితే జాకెట్‌కీ దానికీ మధ్య ఖాళీయే మిగలదు, మనిషి రెండు ముక్కల్లా కనిపిస్తుంది. రెండు వేళ్ళది తీసుకో. రంగు చీర రంగే ఉంటే నడుము పొడవుగా కనబడుతుంది, ఎదురు రంగు పెడితే చూపు నేరుగా అక్కడికే పోతుంది. పెళ్ళిలో కట్టేది పట్టుచీర కాబట్టి గొలుసు బెల్టు కుదరదు, బరువు కుచ్చిళ్ళ మీద అది జారి మొల దగ్గరకి పోతుంది, జార్జెట్‌కీ షిఫాన్‌కీ అయితే సరే. పట్టుకి లోపల కాన్వాస్ వేసి కుట్టిన మగ్గం వర్క్ బెల్టు బాగుంటుంది, బ్లౌజ్ గుడ్డ మిగిలితే దాంతోనే కుట్టించుకోవచ్చు.

కొలత మాత్రం ఒంటి మీద ఇవ్వకు. అదే చీర కట్టి, కుచ్చిళ్ళు దోపి, పైట వేసి, అప్పుడు టేప్ పెట్టు. పెట్టి కూర్చో. కింద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే నాలాంటి వాళ్ళకి నడుము రెండు మూడు అంగుళాలు పెరుగుతుంది, పెళ్ళిలో తలంబ్రాల దాకా నువ్వు కూర్చునే ఉంటావు మరి. మా ఆడపడుచు కూతురు ఓణీల ఫంక్షన్‌లో నిలబడి కొలిచిన వడ్డాణం పెట్టారు, పిల్ల కూర్చోగానే హుక్కు ఎగిరి పంతులుగారి పళ్ళెంలో పడింది. అందుకే వెనకాల ఒక్క హుక్కు ఉన్నది కాకుండా నాలుగైదు కొక్కేల గొలుసు ఉన్నది గానీ, డోరీ కట్టేది గానీ తీసుకో.

బంగారం గురించి అడగలేదు కాబట్టి చెప్పను, ఇప్పటి రేటుకి వడ్డాణం తులాలు లెక్కేస్తే నిద్ర పట్టదు. మచిలీపట్నం పక్కన చిలకలపూడి ఉంది కదా, గిల్టు నగలకి అదే ఊరు, మీ గుంటూరు నుంచి దూరం కూడా కాదు, వడ్డాణం అక్కడ మంచి పనితనంతో దొరుకుతుంది. చర్మం పడకపోతే మాత్రం పైన ఒంగోలావిడకి చెప్పింది చదువు.

*

మా తాతయ్య బ్రిటిష్ కాలంలో ఎస్సై. ఫోటోలో నడుం బెల్టు నుంచి భుజం మీదుగా అడ్డంగా ఇంకో పట్టీ ఉంది. ఇప్పటికీ పోలీసు పరేడ్‌లో చూస్తుంటా. దేనికది? – రాజమండ్రి నుంచి ఓ పాఠకుడు

దాని పేరు శామ్ బ్రౌన్ బెల్టు, పుట్టింది మన దేశంలోనే. శామ్యూల్ బ్రౌన్ అని ఇక్కడి గుర్రపు దళంలో బ్రిటిష్ అధికారి, 1858లో సిపాయిల తిరుగుబాటు రోజుల్లో జరిగిన పోరాటంలో ఎడమ చెయ్యి పోయింది. కత్తి ఒర ఎడమ పక్కన వేలాడుతుంది, మామూలుగా ఎడం చేత్తో ఒరని పట్టుకుని కుడి చేత్తో కత్తి దూస్తారు, ఈయనకి పట్టుకునే చెయ్యే లేదు, నడిస్తే ఒర కాళ్ళకి తగులుతుంది, దూయబోతే ఒర కూడా కత్తితో పాటే వచ్చేస్తుంది. అందుకని నడుముకి గట్టి తోలు బెల్టు పెట్టి, దాని బరువు మొయ్యడానికి కుడి భుజం మీంచి పట్టీ వేయించుకున్నాడు. బాగుందని మిగతా ఆఫీసర్లు కూడా, రెండు చేతులూ ఉన్నవాళ్ళే, పెట్టుకోవడం మొదలెట్టారు. తాతయ్య ఫోటోలో పట్టీ ఏ భుజం మీద ఉందో చూడండి, ఎడమ భుజం మీద కనిపిస్తే ఫోటో తిరగేసి ప్రింట్ చేశారేమో.

*

మా ఆయనకి పొట్ట. బెల్టు పొట్ట కింద పెడితే పాంట్ జారుతుంది, బిగిస్తే తొడ పైన తిమ్మిరి, మంట అంటారు. భోజనం చేశాక పుల్లటి తేన్పులు. నడుమే పాడైందని ఎంఆర్ఐ తీయిద్దామంటున్నారు. – కరీంనగర్ నుంచి ఓ ఇల్లాలు

ఎంఆర్ఐ సంగతి డాక్టర్ చెప్తారు గానీ, ముందు వారం రోజులు బెల్టు తీసి చూడమనండి. తొడ బయటి వైపు చర్మానికి స్పర్శనిచ్చే నరం తుంటి ఎముక ముందు అంచు పక్కనుంచి కిందికి దిగుతుంది, బెల్టు సరిగ్గా అక్కడ నొక్కుతుంది, పొట్ట బరువు పైనుంచి తోడు. మెరాల్జియా పారెస్థెటికా అని పెద్ద పేరుంది దానికి. కాలి బలం తగ్గదు, తిమ్మిరీ మంటా మాత్రమే. కాలు బలహీనమైనట్టు అనిపించినా, మోకాలి కింద కూడా తిమ్మిరొచ్చినా అప్పుడు ఆలస్యం చేయకండి. షుగర్ ఉంటే అది కూడా చెప్పండి డాక్టర్‌కి. తేన్పులు కూడా అంతే, తిన్నాక పొట్టని బెల్టుతో పిండితే లోపలిది పైకి రాక ఏమవుతుంది.

పాంట్ నిలబడాలి, బెల్టు బిగించకూడదు, అదే కదా. సస్పెండర్లు, అదే భుజాల మీంచి పాంట్‌ని పట్టి ఉంచే పట్టీలు, వాడమనండి, నవ్వకండి. బెల్టు అసలు పాంట్‌కి పాత చుట్టం కాదు, లివైస్ 501 జీన్స్‌కే బెల్టు లూపులు 1922లో వచ్చాయి, అప్పటిదాకా సస్పెండర్ల బటన్లే. భుజం మీంచి వేలాడదీస్తే పొట్టతో పనే లేదు. ఆఫీసులో సిగ్గనిపిస్తే షర్ట్ లోపల వేసుకోవచ్చు. లేదంటే అల్లిక ఎలాస్టిక్ బెల్టు తీసుకోండి, బెజ్జాలుండవు, అల్లికలో పిన్ను ఎక్కడైనా దిగుతుంది, భోజనానికి ముందొకటి, తర్వాతొకటి. టైలర్ దగ్గర పాంట్ వెనక నడుముని ఒక అంగుళం ఎత్తుగా కుట్టించినా జారడం చాలా తగ్గుతుంది.

*

వానాకాలం బెల్టుకి బూజు పడుతోంది, కొబ్బరినూనె రాయొచ్చా? – అమలాపురం

రాయకండి, తోలు సాగుతుంది, నల్లబడుతుంది, ముక్కిన వాసన. పొడి గుడ్డతో బయట తుడిచి, నీడలో ఆరబెట్టి, రంగులేని షూ క్రీమ్ పల్చగా పూయండి. ప్లాస్టిక్ కవర్లో చుట్టొద్దు, బకిల్ పట్టుకుని వేలాడదీయండి.

*

మేడమ్, మా నాన్నగారు పోయి ఆర్నెల్లయింది. ఆయన బెల్టు ఒకటుంది, ఎన్నో ఏళ్ళు అదొక్కటే పెట్టుకున్నారు. ఆయన నడుము 40, నాది 34. నాకు పెట్టుకోవాలనుంది. చివర కోయించి కొత్త బెజ్జాలు పెట్టించనా? – ఓ పాఠకుడు, ఖమ్మం

చివర కోయించకండి. దయచేసి.

బెల్టుని ఎప్పుడూ బకిల్ వైపు నుంచే తగ్గించాలి. చివర కోస్తే ఆ కోణం ఆకారం, కుట్టు, అంచు అన్నీ పోతాయి, కొత్త బెజ్జాలు పొడిచినా పాతవి ఐదూ బయట వేలాడుతుంటాయి. బకిల్ దగ్గర తిప్పి చూడండి, తోలు మడతపడి రెండు స్క్రూలో, రివెట్లో, కుట్టో ఉంటుంది. అది విప్పించండి. పాత మడత దగ్గర్నుంచి సరిగ్గా ఆరంగుళాలు లోపలికి కొలిచి గుర్తు పెట్టించండి, కొత్త మడత అక్కడ రావాలి. కోత మాత్రం ఆ గుర్తు మీద కాదు, మడతకి తోలు కావాలి కదా, గుర్తుకి బకిల్ వైపు రెండు అంగుళాలు వదిలి కోయాలి. మడత పడే చోట లోపల వైపు తోలు కొంచెం చెక్కి పల్చన చేయమనండి, లేకపోతే ఉబ్బుతుంది, పిన్ను కోసం సన్నటి పొడుగాటి గాడి కూడా కోయాలి. పాత చెప్పులు కుట్టే ఆయన ఎవరైనా ఉంటే ఆయనకివ్వండి, పంచ్ ఉందా అని మాత్రం అడగండి, మేకుతో పొడిస్తే తోలు చీలుతుంది, పంచ్ అయితే గుండ్రటి ముక్క బయటికొస్తుంది. తోలు బాగా ఎండిపోయుంటే కోతకి ముందే తడి పిండిన గుడ్డతో తుడిచి క్రీమ్ పూసి ఒక రోజు ఉంచండి, ఎండిన తోలు మడిస్తే విరుగుతుంది.

ఇప్పుడు చూడండి, మీ నాన్నగారు రోజూ పెట్టుకున్న బెజ్జం ఒకటుంటుంది, మిగతావాటి కంటే సాగి, కోడిగుడ్డు ఆకారంలో, దాని పక్కన బకిల్ ఒత్తిన గీత కూడా పడి ఉంటుంది. బకిల్ వైపు ఆరంగుళాలు తగ్గించాం కాబట్టి మీ నడుముకి కూడా పిన్ను అదే బెజ్జంలో పడుతుంది. కొత్తది ఒక్కటి కూడా పొడవక్కర్లేదు.

కోయగా మిగిలిన ముక్క పారేయకండి. ఆ వయసు బెల్టుకి చివరని పట్టే లూప్ తెగిపోయో, వదులైపోయో ఉంటుంది, ఆ ముక్కలోంచే కొత్త లూప్ కుట్టించండి, రంగు కలుస్తుంది.